మదనపల్లెలో ఒక ఐరిష్ టీచరమ్మ



మన పుంగనూరులో బస్సెక్కితే గంటలోపే మదనపల్లెలో దిగుతాం. టమోటా మార్కెట్టుకు పోయేవాళ్ళు, ఆసుపత్రికి పోయేవాళ్ళు, పిల్లల్ని కాలేజీలో చేర్పించడానికి పోయేవాళ్ళు, మీలో చాలామంది బి.టి. కాలేజీ ముందునుంచి ఎన్నోసార్లు నడిచి ఉంటారు. బి.టి. అంటే బెసెంట్ థియోసాఫికల్. అనీబిసెంట్ గారు 1915లో స్థాపించిన కాలేజీ అది. నూరేళ్ళకు పైబడిన కాలంలో ఆ ఆవరణలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన ఒక ఐర్లండు దేశపు స్త్రీని గురించి ఈ వారం మీతో మాట్లాడాలని అనుకున్నాను. ఆమె పేరు మార్గరెట్ కజిన్స్. ఆమె మన శ్రీసభకు చెందినవారు కారు, పునీతురాలూ కారు. దివ్యజ్ఞాన సమాజం వారి బోధలలో మనం ఒప్పుకోలేనివి ఎన్నో ఉన్నాయి. మరి ఆమె జీవితం మన పత్రికలో ఎందుకని కొందరు అడగవచ్చు. చివరిదాకా చదివి మీరే చెప్పండి.

ముందుగా ఒక చిన్న సంగతి. ఈ మధ్య మా విచారణలో ఒక ఇంటిని ఆశీర్వదించడానికి వెళ్ళాను. జపం అయిన తరువాత కుటుంబ రిజిస్టరులో వివరాలు వ్రాసుకుంటూ, అమ్మ ఏం పని చేస్తుందని అడిగాను. భర్త వెంటనే, ఏ పనీ లేదు ఫాదర్, ఇంట్లోనే ఉంటుందని చెప్పాడు. ఆమె కూడా అవునన్నట్టు తల ఊపింది. నా ఎదురుగా వసారాలో పట్టుపురుగుల చంద్రికలు గోడకు ఆనించి ఉన్నాయి. ఆ పురుగులకు పగలనక రాత్రనక మల్బరీ ఆకు వేసేది ఆమే. రెండు ఆవుల పాలు పితికి డెయిరీకి పోసేది ఆమే. కసువు ఊడ్చి, నీళ్ళు పట్టి, సంగటి కెలికి, మంచానపడిన అత్తగారికి మందులిచ్చి, పిల్లల్ని జపానికి కూర్చోబెట్టేదీ ఆమే. పని అన్న గడిలో ఏం వ్రాయాలో తెలియక కొంతసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. చివరకు ఖాళీగా వదిలేసి వచ్చాను. భర్తను తప్పుపట్టడం సులువే. కాని గడిని ఖాళీగా వదిలింది నా చెయ్యి.

ఇక మార్గరెట్ సంగతికి వద్దాం. 1878 నవంబరు 7న ఐర్లండు పడమటి భాగంలో బాయిల్ అనే చిన్న ఊళ్ళో ఆమె పుట్టారు. పుట్టింటి పేరు గిలెస్పీ. ఐర్లండు అనగానే మనకు కథోలిక దేశమే గుర్తుకు వస్తుంది గాని, వీరిది మెతడిస్టు కుటుంబం. ఇంటినిండా పిల్లలు, వారందరిలో పెద్దది మార్గరెట్. పెద్దకూతురంటే ఏమిటో మన ఇళ్ళలో వేరే చెప్పనక్కరలేదు గదా! తన చదువుకంటే ముందు తమ్ముళ్ళ ముక్కు తుడవడం నేర్చుకుంటుంది. అయినా ఆమె స్కాలర్‌షిప్పుతో పైచదువుకు వెళ్ళారు. డబ్లిన్ నగరంలో సంగీతం అభ్యసించి, 1902లో సంగీతంలో పట్టా పొందారు. మరుసటి ఏడు జేమ్స్ కజిన్స్ అనే కవిని వివాహమాడారు.

ఆ భర్తను గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. స్త్రీల హక్కుల కోసం పనిచేసిన స్త్రీల చరిత్రలో భర్తలు సాధారణంగా అడ్డంకిగానో, లేక అసలు లేనట్టుగానో కనిపిస్తారు. జేమ్స్ అలాంటివాడు కాదు. భార్య సభలకు వెళితే వెంట వెళ్ళాడు. జైలుకు వెళితే సిగ్గుపడలేదు. వారిద్దరూ కలిసి వ్రాసుకున్న ఆత్మకథ 1950లో మద్రాసులో అచ్చయింది. ఒకే పుస్తకంలో తన భాగం తనది, ఆమె భాగం ఆమెది. పెళ్ళికి ముందు శిక్షణకు వచ్చే మన యువ జంటలకు ఈ ఇద్దరి సంగతి చెబుతుంటాను. అబ్బాయిలు నవ్వుతారు. అమ్మాయిలు మాత్రం నవ్వరు.

అప్పటి ఐర్లండు బ్రిటిషు పాలనలో ఉంది. పార్లమెంటుకు స్త్రీలకు ఓటు లేదు. 1908లో మార్గరెట్, హానా షీహీ స్కెఫింగ్టన్ అనే స్నేహితురాలితో కలిసి ఐరిష్ స్త్రీల ఓటు హక్కు సంఘాన్ని స్థాపించారు. ఈ హానా కథోలిక కుటుంబంలో పుట్టింది. ఆమె తండ్రి సోదరుడు గురువు. కౌలు రైతుల పక్షాన నిలబడి జైలుకు వెళ్ళిన గురువు. ఒక మెతడిస్టు ఇంటి ఆడబిడ్డ, ఒక కథోలిక ఇంటి ఆడబిడ్డ ఒక బల్లకు రెండువైపులా కూర్చుని పనిచేశారంటే, ఆ రోజుల ఐర్లండులో అది చిన్న విషయం కాదు.

1910లో మార్గరెట్ లండనుకు వెళ్ళి ప్రదర్శనలో పాల్గొన్నారు. ప్రధానమంత్రి నివాసం ఉన్న డౌనింగ్ వీధిలో రాళ్ళు విసిరిన వారిలో ఆమె ఒకరు. నెలరోజులు హాలోవే జైలు. 1913 జనవరిలో మళ్ళీ, ఈసారి డబ్లిన్ కోట కిటికీ అద్దాలు పగిలాయి. ఐర్లండుకు స్వపరిపాలన ఇచ్చే బిల్లు పార్లమెంటులో నడుస్తోంది, అందులో స్త్రీలకు ఓటు మాట లేదు. అదే ఆమె కోపానికి కారణం. తుల్లమోర్ జైలులో ఒక నెల శిక్ష పడింది. తమను దొంగలతో సమానంగా కాక రాజకీయ ఖైదీలుగా చూడాలని అక్కడ తోటివారితో కలిసి అన్నం మానేశారు. రాళ్ళు విసరడం నాకు నచ్చదు. గురువుగా దానిని మెచ్చుకోలేను. కాని ముప్పై నాలుగేళ్ళ సంగీతం టీచరమ్మ చేతికి రాయి ఎందుకొచ్చిందో ఆలోచించకుండా ఆ రాయిని మాత్రమే తప్పుపట్టడం కూడా నాకు చేతకాదు. 1918లో ఐర్లండులో ముప్పై ఏళ్ళు దాటి, ఆస్తి అర్హత ఉన్న స్త్రీలకు ఓటు వచ్చింది. అప్పటికి ఆమె మన జిల్లాలో ఉన్నారు.

ఎలా వచ్చారంటారా? 1915లో జేమ్స్‌కు మద్రాసులో అనీబిసెంట్ గారి న్యూ ఇండియా పత్రికలో ఉద్యోగం దొరికింది. 1916లో డబ్లిన్‌లో ఈస్టరు పండుగ వారంలో తిరుగుబాటు జరిగింది. దానిని మెచ్చుకుంటూ జేమ్స్ వ్యాసం వ్రాశాడు. ఆ వ్యాసంతో పత్రికలో ఉద్యోగం పోయింది. బిసెంట్ గారు ఆయనను మదనపల్లె కాలేజీకి పంపారు. ఒక వ్యాసం పుణ్యమా అని ఆ దంపతులు మన ప్రాంతానికి వచ్చారన్న మాట. జేమ్స్ తరువాత ఆ కాలేజీకి ప్రిన్సిపాలు కూడా అయ్యాడు. మార్గరెట్ అక్కడ ఇంగ్లీషు చెప్పేవారు.

ఆనాటి మదనపల్లెను ఒకసారి ఊహించుకోండి. చిత్తూరు జిల్లా ఏర్పడి అయిదారేళ్ళే అయింది. ఆర్కాటు మిషను వారి స్త్రీల ఆసుపత్రి అప్పటికే నడుస్తోంది. కాలేజీలో చదివేది మగపిల్లలు, చెప్పేది ఎక్కువగా మగవాళ్ళు. ఆ ఉపాధ్యాయుల భార్యలు ఇళ్ళలో ఉండేవారు. మార్గరెట్ వారి దగ్గరకు వెళ్ళారు. 1916 ప్రాంతంలో అక్కడ స్త్రీలకు ఒక సంఘం ఏర్పడింది. దాని పేరు వింటే మీకు నవ్వూ వస్తుంది, బాధా కలుగుతుంది. అబలా అభివర్ధనీ సమాజం! బలం లేనివారిని అభివృద్ధి చేసే సంఘమట. పొయ్యి దగ్గర, బావి దగ్గర, పొలం గట్టున, పురుటి మంచం మీద ఈ అబలలు మోసిన బరువు ఎంతో ఎవరూ తూకం వెయ్యలేదు. పేరు ఎలా ఉంటేనేం, అలాంటి చిన్న సంఘాల అనుభవం నుంచే ఒక పెద్ద సంస్థ పుట్టింది. 1917 మే నెలలో మద్రాసు అడయారులో భారత మహిళా సంఘం ఏర్పడింది. బిసెంట్ అధ్యక్షురాలు. మార్గరెట్, డోరతీ జినరాజదాస గార్లు కార్యభారం మోశారు. స్త్రీ ధర్మ అనే పత్రికను మార్గరెట్ నడిపారు.

అదే ఏడు ఇంగ్లండు నుంచి మంత్రి మాంటేగు మన దేశానికి వచ్చారు. రాజ్యాంగంలో చేయవలసిన మార్పుల గురించి ప్రజల కోరికలు వింటున్నారు. స్త్రీల చదువు, ఆరోగ్యం గురించి విన్నవించుకోవాలని మార్గరెట్ అనుమతి కోరారు. రాజకీయ విషయాలు చెప్పేవారికి మాత్రమే సమయం ఇస్తామని జవాబు వచ్చింది. సరే, రాజకీయమే కావాలంటే రాజకీయమే అని ఆమె స్త్రీలకు ఓటు హక్కు కోరుతూ అర్జీని తయారు చేశారు! డిసెంబరు 18న మద్రాసులో ఆ అర్జీ సమర్పించిన బృందానికి సరోజినీ నాయుడు గారు నాయకత్వం వహించారు. అర్జీ వెనుక శ్రమ మార్గరెట్‌ది. మాట్లాడవలసింది మాత్రం ఈ దేశపు స్త్రీ అన్నది ఆమె పద్ధతి. ఆ పద్ధతిని కడదాకా విడువలేదు.

అర్జీ ఒక్క రోజులో ఫలించలేదు. ఓటు విషయం విచారించిన కమిటీ స్త్రీల కోరికను త్రోసిపుచ్చింది. 1919 చట్టం ఆ నిర్ణయాన్ని రాష్ట్రాల శాసనసభలకు వదిలివేసింది. బ్రిటిషు ఇండియా రాష్ట్రాలలో అందరికంటే ముందు, 1921లో, మద్రాసు శాసనసభ స్త్రీలకు ఓటు ఇచ్చింది. మన పుంగనూరు, మదనపల్లె, కుప్పం అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనివే. ఆస్తి అర్హత ఉన్నందున ఓటు దక్కిన స్త్రీలు బహు కొద్దిమంది. కూలికి పోయే తల్లికి ఏమీ దక్కలేదు. ఆమెకు ఓటు రావడానికి స్వతంత్ర భారత రాజ్యాంగం దాకా ఆగవలసి వచ్చింది. అప్పుడైనా ఏమయిందో తెలుసా? 1951-52 మొదటి ఎన్నికల జాబితాలు తయారు చేసేటప్పుడు ఉత్తరాది రాష్ట్రాలలో లక్షలాది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానా వాని భార్యను, ఫలానా వాని తల్లిని అని మాత్రం చెప్పారు. సొంత పేరు లేనిదే కుదరదని దాదాపు 28 లక్షల మందిని జాబితానుంచి తొలగించారు. మా జ్ఞానస్నానాల రిజిస్టరులో తల్లి పేరు వ్రాసే గడి ఉంటుంది. ఆ గడి దగ్గర కొందరు తండ్రులు ఇప్పటికీ ఒక క్షణం తడుముకుంటారు.

ఇంతలో 1919. ఆ ఏడు ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు మదనపల్లె కాలేజీకి వచ్చి కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకున్నారు. అప్పటికే తాను వ్రాసి ఉన్న జనగణమన గీతాన్ని అక్కడ పాడి వినిపించారు. విద్యార్థులు గొంతు కలిపారు. ఫిబ్రవరి 28న అక్కడే దానిని ఇంగ్లీషులోకి తానే మార్చారు. మార్గరెట్ ఆ బాణీని పాశ్చాత్య పద్ధతిలో స్వరాలుగా వ్రాసి పెట్టారు. జాతీయ గీతానికి బాణీ కట్టింది ఆమేనని కొందరు చెబుతారు. అంత దూరం పోనక్కరలేదు. పాట కవిది, బాణీ కవిది. నోటితో పాడినది గాలిలో కలిసిపోకుండా కాగితం మీద నిలబెట్టింది ఆమె. ఒకరు పాడినదాన్ని మరొకరు ఓపికగా వ్రాసి దాచడం గొప్ప పని కాదనుకునేవారు మన గుడి పాటల పుస్తకాలను ఎవరు తిరగవ్రాసి పెట్టారో, పిల్లలకు ఎవరు నేర్పారో కనుక్కోండి. నా అనుభవంలో ఎక్కువగా కన్యస్త్రీలు, ఉపదేశి భార్యలు.

సెమినరీలో తత్వశాస్త్రం చదివిన రోజులు ఇక్కడ గుర్తుకు వస్తున్నాయి. అరిస్టాటిల్ స్త్రీని ఒక లోపం ఉన్న పురుషునిగా లెక్కగట్టాడు. పునీత తోమాసు అక్వినాసు గారు ఆ మాటను తీసుకుని, ఒక్కొక్క వ్యక్తి స్వభావం వరకు దానిని ఒప్పుకుని, మానవజాతి మొత్తాన్ని చూస్తే స్త్రీ సృష్టి లోపం కాదని, దేవుని సంకల్పమని సర్దిచెప్పారు. మేము దానిని పరీక్షకు కంఠతా పట్టాం. తరగతిలో ముప్పైమందిమి, ఒక్కరం కూడా చెయ్యెత్తి మా అమ్మలో లోపం ఏమిటని అడగలేదు. గొప్ప వేదపండితుడే తన కాలపు జీవశాస్త్రాన్ని దాటలేకపోయినప్పుడు మనబోటివారం ఎన్ని తప్పుడు లెక్కలను సత్యాలుగా మోస్తున్నామో! 1995లో రెండవ జాన్ పాల్ పాపుగారు ప్రపంచ స్త్రీలకు వ్రాసిన లేఖలో, స్త్రీలను చిన్నచూపు చూడడంలో శ్రీసభ బిడ్డల పాలు కూడా ఉన్నందుకు విచారం తెలియజేశారు. 2021లో ఫ్రాన్సిస్ పాపుగారు పఠనకర్త, పీఠసేవక పదవులను అధికారికంగా స్త్రీలకు తెరిచారు.

మార్గరెట్ జీవితంలో తరువాతి పదేళ్ళను త్వరగా చెబుతాను. మంగుళూరులో బాలికల జాతీయ పాఠశాలకు తొలి ప్రధానోపాధ్యాయిని అయ్యారు. 1922లో మేజిస్ట్రేటుగా నియమితులయ్యారు, మన దేశంలో ఆ పదవి పొందిన మొదటి స్త్రీగా ఆమెనే చెబుతారు. శాసనసభకు స్త్రీలు నిలబడవచ్చునన్న అనుమతి 1926లో రాగానే కమలాదేవి చట్టోపాధ్యాయను పోటీకి ప్రోత్సహించారు. కమలాదేవి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు. 1927లో పూనాలో అఖిల భారత మహిళా సభ మొదటిసారి కూడింది. ఆ పిలుపు మార్గరెట్‌ది. ఆడపిల్లల చదువు కోసం కూడిన ఆ సభకు, పదేళ్ళకే పెళ్ళి చేస్తే చదువెక్కడిదన్న ప్రశ్న మొదటనే ఎదురయింది. 1929లో వచ్చిన శారదా చట్టం ఆడపిల్ల పెళ్ళి వయసును 14గా నిర్ణయించింది. దాని వెనుక ఈ సంఘాల స్త్రీల ఒత్తిడి చాలా ఉంది.

అదే సభలు స్త్రీకి ఆస్తిలో వాటా గురించి కూడా ఏళ్ళ తరబడి కొట్లాడాయి. ఇక్కడ మన కుటుంబాలతో నాకు కొంచెం పేచీ ఉంది. కోపం తెచ్చుకోకండి. మన క్రైస్తవులకు వర్తించేది 1925 నాటి ఇండియన్ సక్సెషన్ చట్టం. వీలునామా వ్రాయకుండా తండ్రి చనిపోతే, తల్లి వాటా పోగా మిగిలినది కొడుకులకూ కూతుళ్ళకూ సమానంగా చెందుతుంది. హిందూ కూతుళ్ళకు అలాంటి హక్కు రాకముందునుంచే మన ఆడపిల్లలకు ఇది ఉంది. మరి ఎంతమంది తీసుకున్నారు? అంత ఖర్చుపెట్టి పెళ్ళి చేశాము గదా, సంతకం పెట్టమ్మా అంటారు. పుట్టింటి గడప తెగిపోతుందేమోనన్న భయంతో ఆ బిడ్డ సంతకం పెడుతుంది. అలాంటి కాగితం మీద సాక్షి సంతకం కోసం ఒకసారి నా దగ్గరకు కూడా వచ్చారు. నేను పెట్టలేదు. ఆ కుటుంబం కొన్ని నెలలు పూజకు వేరే ఊరికి వెళ్ళింది.

1932లో ప్రభుత్వం అత్యవసర ఆర్డినెన్సులతో మాట స్వేచ్ఛను అణచివేసినప్పుడు మార్గరెట్ మద్రాసులో బహిరంగంగా మాట్లాడారు. మాట్లాడనని హామీ వ్రాసి ఇస్తే వదిలేస్తామన్నారు. ఆమె వ్రాసివ్వలేదు. ఒక సంవత్సరం శిక్ష పడింది. ఎక్కడో దూరదేశంలో కాదు, మన పక్కనే ఉన్న వేలూరు స్త్రీల జైలులో. పెద్ద జబ్బు వస్తే మనం పలమనేరు, చిత్తూరు మీదుగా పరుగెత్తే ఊరే అది. ఈడా స్కడ్డర్ గారు స్త్రీల కోసమే 1918లో మెడికల్ స్కూలు తెరిచిన ఊరు. ఒకే ఊళ్ళో ఒక గోడ లోపల ఆడపిల్లలు వైద్యం నేర్చుకుంటున్నారు, మరో గోడ లోపల యాభై నాలుగేళ్ళ టీచరమ్మ ఖైదీ గుడ్డ కట్టుకుని ఉంది. మూడు జైళ్ళలో, మూడు దేశాలలో, ఒకే ప్రభుత్వం చేతిలో!

ఆమెలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది జైలుకాదు. 1936లో మహిళా సభకు అధ్యక్షురాలైన తరువాత ఆమె మెల్లగా పక్కకు తప్పుకున్నారు. ఈ దేశపు స్త్రీలు తమ పనిని తామే నడుపుకోగలిగిన స్థితికి వచ్చారు, తెల్లదొరసాని ఇంకా ముందు కుర్చీలో కూర్చోకూడదని భావించారు. ముప్పై ఏళ్ళుగా విచారణలు నడుపుతున్న నాకు తెలుసు, కుర్చీ దిగడం ఎంత కష్టమో. పీఠాధిపతిగారు బదిలీ ఉత్తరం పంపితే తప్ప మేము దిగం.

1944లో ఆమెకు పక్షవాతం వచ్చింది. సంగీతం వాయించిన వేళ్ళు, అర్జీలు వ్రాసిన చెయ్యి పనిచేయలేదు. దంపతుల చేతిలో డబ్బు లేదు. ఆమె సేవలను గుర్తించి మద్రాసు ప్రభుత్వం, తరువాత నెహ్రూ గారు కొంత ధనసహాయం చేశారు. 1954 మార్చి 11న ఆమె కన్నుమూశారు. జేమ్స్ మరో రెండేళ్ళు ఒంటరిగా బ్రతికి, 1956 ఫిబ్రవరిలో మదనపల్లెలోనే చనిపోయాడు.

మా విచారణ మండలిలో ఈసారి నలుగురు స్త్రీలను నిలబడమని అడిగాను. ముగ్గురు ఇంట్లో అడిగి చెబుతామన్నారు. నాలుగో ఆమె, నాకు వ్రాయడం రాదు ఫాదర్, మాట్లాడడం వచ్చు, చాలునా అని అడిగింది. చాలునని చెప్పాను. ఆ ముగ్గురి జవాబు ఇంకా రాలేదు. కుటుంబ రిజిస్టరు నా బల్ల మీదే ఉంది. వచ్చే వారం ఆ పట్టుపురుగుల ఇంటికి మళ్ళీ వెళుతున్నాను. ఈసారి ఆ ప్రశ్న ఆమెనే అడుగుతాను.